ఓడల నాటి వైద్య పరీక్ష

మా బడిలో చదివిన పిల్లలు కొందరు ఉద్యోగాల కొరకు ఇంగ్లండు వెళ్తున్నారు. మన దేశం నుండి పోయి అక్కడ ఆరు నెలలకు మించి ఉండదలచినవారు వీసాకు ముందే క్షయ లేదని ధ్రువపత్రం తెచ్చుకోవాలి. ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు, అనుమానముంటే కఫం పరీక్షిస్తారు. "మనకేమి రోగమని ఈ పరీక్ష?" అని తల్లిదండ్రులు నొచ్చుకుంటున్నారు. ఆ మాట వింటే మాకు మన పెద్దల ఓడలు గుర్తుకు వస్తాయి.

1860 నవంబరు 16న 'ట్రూరో' ఓడ మద్రాసు నుండి 342 మందిని డర్బన్ చేర్చింది. 1911 వరకు నాటాలుకు వచ్చినవారు 1,52,184 మంది. ఎక్కే ముందు డిపోలో వైద్యుడు చూసేవాడు; ఓడలోను ఒక వైద్యుడుండేవాడు. రేవులో అధికారుల భయం కలరా, మశూచి గురించి. ట్రూరో వెనుకనే కలకత్తా నుండి వచ్చిన 'బెల్విడీర్'లో కలరా ఉన్నందున ఆ ప్రయాణికులను వేరుగా ఉంచారు.

క్షయ క్రిమిని కోఖ్ కనుగొన్నది 1882లో. ఎక్స్‌రే వచ్చినది 1895లో. అంతకు ముందు డిపో వైద్యుడు చూడగలిగినది పైరూపమే. చెరకు నరకగల చేతులున్నాయా అన్నదే తోటల యజమానులకు కావలసింది. ఓడ జాబితాలలో మన తాతల ఊరు, కులం, ఎత్తు, ఒంటిమీది మచ్చలు కూడా ఉన్నాయి. ఊపిరితిత్తుల సంగతి మాత్రం లేదు!

తరువాత మన వాళ్ళను క్షయ పట్టుకున్నది ఇక్కడి ఇరుకు ఇళ్ళలోనే. డర్బన్ నగరపాలక సంస్థ పనివారుండిన మ్యాగజీన్ బారక్స్‌లో ఒక్క గదిలో ఎంతమంది పడుకునేవారో పెద్దలు చెప్పగా విన్నాము. గాలి ఆడని గదిలో ఒకరు దగ్గితే అందరికీ ముప్పే. ఇంట్లో ఎవరూ క్షయ అని పైకి అనేవారు కాదు, 'దగ్గు జబ్బు' అనేవారు. సంబంధాలు తప్పిపోతాయని భయం. చివరకు 1941లో భారతీయ క్షయరోగుల కొరకు ఫ్రెండ్స్ ఆఫ్ ది సిక్ అసోసియేషన్, అనగా మనమంతా ఎరిగిన ఫోసా, ఏర్పడింది. అప్పటికి స్ట్రెప్టోమైసిన్ ఇంకా రాలేదు.

అందుచేత నేటి పరీక్షను అవమానమని మేము అనలేము. మన దేశంలో క్షయ ఇప్పటికీ ఎక్కువే. అయితే ఎక్స్‌రేకు నిద్రాణమైన క్రిమి కనబడదు. పత్రం చేతికి వచ్చిందని దగ్గును దాచుకోరాదు. రోగం బయటపడితే సాధారణంగా ఆరు నెలలు మందులు వాడి, నయమైన పిమ్మట మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు. మద్రాసు డిపోలో వద్దన్నవారికి అటువంటి మందేదీ లేదు.