ఛార్జి: ఒకే మోపు, అనేక అర్థాలు

ఆంగ్లం నుండి వచ్చి మన నోట నిత్యం నలుగుతున్న పదాలలో 'ఛార్జి' ఒకటి. బస్సు ఛార్జి, సెల్‌ఫోను ఛార్జింగు, లాఠీఛార్జి, ఛార్జిషీటు, ఇన్‌ఛార్జి ప్రధానోపాధ్యాయుడు, ఆసుపత్రి నుండి డిశ్చార్జి: ఈ మాట వినపడని ఇల్లు లేదు. అయితే చోటు మారిన కొద్దీ దీని అర్థం కూడా మారుతుంది. ఇంట తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో, బ్యాంకు కాగితాలలో ఆంగ్లం, ఇట్లా మూడు భాషల నడుమ జీవించే సరిహద్దు గ్రామాల కుటుంబాలు ఈ తేడాను తెలిసికొని ఉండడం అవసరం. భూమి కాగితంలోని 'ఛార్జి'ని రుసుము అనుకొని సంతకం చేసిన రైతు, నిజానికి తన పొలాన్ని అప్పుకు హామీగా వ్రాసి ఇచ్చినవాడవుతాడు.

మూలార్థం

లాటిను భాషలో 'కార్రుస్' అనగా బండి. బండికి బరువెత్తడాన్ని తెలిపే క్రియ దాని నుండి పుట్టి, ప్రాచీన ఫ్రెంచి మీదుగా మధ్యయుగంలో ఆంగ్లంలో ప్రవేశించింది. కారు, కార్గో, క్యారీ అనే మాటలు కూడ ఈ కుటుంబానివే. 1954 వరకు యానాంలో పాలనాభాషగా ఉన్న ఫ్రెంచిలో 'షార్జ్' అంటే నేటికీ బరువే.

కనుక ఛార్జి అనగా మూలంలో 'మోపు'. ఈ పోలిక తెలుగువారికి సులభంగా బోధపడుతుంది. మనం గడ్డిమోపు నెత్తికెత్తుకుంటాము, పన్ను మోపినారంటాము, నేరం మోపినారంటాము, భారమంతా నామీద మోపినారంటాము. ఆంగ్లంలో ఛార్జి చేసే పనులలో చాలావాటిని తెలుగులో 'మోపు' చేస్తున్నది. ఏ ఛార్జి ఎదురైనా, ఎవరు, ఎవరిమీద, ఏ బరువు మోపుతున్నారని ప్రశ్నించుకుంటే అర్థం విడిపోతుంది.

రుసుము

సేవకు ప్రతిఫలంగా మోపే సొమ్ము ఛార్జి. 'ఫ్రీ ఆఫ్ ఛార్జ్' అంటే ఉచితం. అయితే బస్సు ప్రయాణానికి ఇచ్చే డబ్బును ఆంగ్లంలో 'ఫేర్' అంటారే గాని ఛార్జి అనరు. బస్సు ఛార్జి మన వాడుక. ఇదే డబ్బును కన్నడంలో ప్రయాణ దర అని, తమిళంలో కట్టణం అని, మరాఠీలో భాడే అని, ఒడియాలో భడా అని అంటారు. పిల్లలు ఆంగ్ల పరీక్షలో 'ఫేర్' అనే వ్రాయవలసి ఉంటుంది.

విద్యుత్తు

తుపాకిలో ఒకసారి దట్టించే మందును కూడ ఛార్జి అంటారు. అట్లాగే, నిలువ చేసిన విద్యుత్తుకు ఈ పేరు స్థిరపడింది. అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1740ల నాటి తన ప్రయోగాలలో ఈ మాటను వాడినాడు. నేడు సెల్‌ఫోనును ఛార్జి చేయడమంటే బ్యాటరీకి బరువెత్తడమే. కరెంటు బిల్లులో మాత్రం ఛార్జి తిరిగి రుసుమే. వాడిన యూనిట్లను బట్టి పడేది ఎనర్జీ ఛార్జి; ఫిక్స్‌డ్ ఛార్జి వాడకంతో నిమిత్తం లేకుండా పడుతుంది. ఇల్లు మూసి ఉన్న నెలలో కూడ బిల్లు రావడానికి ఇదే కారణం.

బాధ్యత

'ఛార్జి తీసుకున్నారు' అంటే ఉద్యోగ భారం స్వీకరించినారని అర్థం. ఆంగ్లంలో 'ఇన్ ఛార్జ్' అనగా బాధ్యత వహించే వ్యక్తి. అది తాత్కాలికమనే అర్థం ఆ మాటలో లేదు. మన కార్యాలయాల వాడుకలో మాత్రం ఇన్‌ఛార్జి అధికారి అంటే చాలాసార్లు అసలు అధికారి వచ్చేవరకు పని చూసే వ్యక్తి.

దాడి

బరువంతా మీద పడేటట్లు దూసుకురావడం కూడ ఛార్జియే. గుర్రపు దళాల దాడికి వాడిన ఈ మాటకు మన దేశంలో లాఠీ తోడై లాఠీఛార్జి అయినది.

నేరారోపణ

ఇక్కడ మూడు దశలను వేరుచేసి చూడవలెను. మొదటిది ఎఫ్‌ఐఆర్, అది నేర సమాచారం నమోదు మాత్రమే. రెండవది ఛార్జిషీటు, దర్యాప్తు ముగించి పోలీసులు న్యాయస్థానానికి సమర్పించే నివేదిక. దీనిని తెలుగులో అభియోగపత్రం అని, కన్నడంలో దోషారోప పట్టి అని, తమిళంలో కుట్రప్పత్తిరికై అని అంటారు. మూడవది, న్యాయమూర్తి ఆ కాగితాలను పరిశీలించి ఫలానా నేరంపై విచారణ జరుగుతుందని అభియోగాలు ఖరారు చేయడం. ఛార్జిషీటు పడినంత మాత్రాన ఎవరూ దోషి కారు.

2024 జులై 1 నుండి పాత నేరవిచారణ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. పాత 173వ సెక్షనులోని ఛార్జిషీటు విషయం ఇందులో 193వ సెక్షనులో ఉన్నది. నిర్బంధంలో ఉన్న వ్యక్తిపై నేర తీవ్రతను బట్టి 60 లేక 90 రోజులలో ఛార్జిషీటు దాఖలు కానట్లయితే, అతనికి బెయిలు కోరే హక్కు లభిస్తుంది.

భూమిపై ఛార్జి

రైతు కుటుంబాలు అన్నిటికంటె జాగ్రత్తగా చూడవలసిన అర్థం ఇది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 100వ సెక్షను ప్రకారం, తాకట్టు కాకుండానే ఒకరి స్థిరాస్తి మరొకరికి రావలసిన సొమ్ముకు హామీగా ఉన్నట్లయితే ఆ ఆస్తిపై ఛార్జి ఉన్నట్లు. ఇది ఒప్పందం వలననే గాక, చట్టరీత్యా తనంతట తానుగా కూడ ఏర్పడవచ్చును. ఉదాహరణకు, పూర్తి ధర ముట్టకముందే హక్కు కొన్నవారికి బదిలీ అయితే, మిగిలిన సొమ్ముకు ఆ ఆస్తిపై అమ్మినవారికి ఛార్జి ఉంటుంది.

ఈ భారాన్ని ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క పేరుతో పిలుస్తారు. మహారాష్ట్రలో సాత్‌బారా ఉతారాలోని ఇతర హక్కుల గడిలో 'బోజా' అని వ్రాస్తారు. బోజా అన్నా బరువే. కర్ణాటకలో పహణీలో ఋణాల గడిని చూడవలెను. అక్కడ ఈసీని ఋణభార ప్రమాణపత్రం అంటారు. తమిళనాడులో దీనికి 'విల్లంగం' అని పేరు. మన దస్తావేజులలోనూ ఈ మాట కలదు. సరిహద్దు దాటి భూమి కొనేవారు ఈ పేర్లు తెలిసికొని ఉండడం క్షేమం.

ఛార్జి సంగతి తెలియక, వెల చెల్లించి కొన్నవారికి చట్టం కొంత రక్షణ కల్పిస్తున్నది. కాని రిజిస్టరైన పత్రంలో ఉన్న విషయం తెలియదంటే సాధారణంగా చెల్లదు. కనుక కొనుటకు ముందు ఈసీ తీయించవలెను. రిజిస్టరు కాని వ్యవహారాలు ఈసీలో కనిపించవు. అందువలన అసలు దస్తావేజులను కూడ చూపమని అడగవలెను. అవి బ్యాంకులో ఉన్నాయంటే అప్పు ఉన్నదేమోనని విచారించవలెను.

డిశ్చార్జి

మోపు దింపడమే డిశ్చార్జి. ఆసుపత్రి నుండి రోగికి, బ్యాటరీ నుండి విద్యుత్తుకు, అప్పు నుండి రైతుకు ఇదే మాట. న్యాయస్థానంలో డిశ్చార్జి అంటే విచారణకు తగిన ఆధారాలు లేవని ముందే విడిచిపెట్టడం. విచారణ జరిపి నిర్దోషిగా ప్రకటించడం వేరు.

అప్పు తీరినా కాగితంపై బరువు దానంతట అదే దిగదు. గృహరుణం వంటి వ్యక్తిగత రుణాలు పూర్తిగా తీరిన 30 రోజులలో అసలు పత్రాలు తిరిగి ఇచ్చి, నమోదైన ఛార్జిని తొలగింపజేయాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించింది. తమ వలన ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున రుణసంస్థ పరిహారం ఇవ్వవలెను. పంట రుణం తీర్చినవారు బ్యాంకు నుండి బాకీ లేదనే పత్రం తీసికొని, భూమి రికార్డులో భారం తొలగినదో లేదో స్వయంగా చూసుకోవడం మంచిది.

వాక్యంలో గుర్తించే విధం

ఆంగ్లంలో ఛార్జి పక్కనున్న చిన్నమాట అర్థాన్ని పట్టి ఇస్తుంది. 'ఛార్జ్‌డ్ ఫర్' అంటే దేనికో డబ్బు వసూలు చేసినారు. 'ఛార్జ్‌డ్ విత్' పక్కన నేరం పేరుంటే నేరం మోపినారు. 'ఇన్ ఛార్జ్ ఆఫ్' అంటే బాధ్యత వహిస్తున్నారు. మధ్యలో 'ద' చేరి 'ఇన్ ద ఛార్జ్ ఆఫ్' అయితే ఒకరి సంరక్షణలో ఉన్నారు. 'ఛార్జ్ ఆన్' లేక 'ఛార్జ్ ఓవర్' పక్కన భూమియో ఇల్లో ఉన్నదంటే ఆస్తి హామీలో ఉన్నది. ఈ చివరి మాట కనబడిన కాగితాన్ని, తెలిసినవారిచేత చదివించుకొని అర్థం చేసికొన్న పిమ్మటనే సంతకం చేయవలెను.