సర్పగంధి చెప్పిన రెండు మాటలు

కృష్ణా దిగువ డెల్టాలో పాముకాటు భయం సేద్యంతో పాటే ఉంది. ఉయ్యూరు చెరకు తోటల్లోనూ, గుడివాడ, అవనిగడ్డ వరిచేలలోనూ ఎలుకలకు కొదవ లేదు. వాటి వెంటే నాగుపాము, రక్తపింజర, కట్లపాము వస్తాయి. నాట్లప్పుడు, కోతలప్పుడు బురదలో వట్టికాళ్లతో దిగే కూలీకే ఆ కాటు ఎక్కువ. అందుకే ఈ నేల మీద మంత్రం, మొక్కు, వేరుమందు మూడూ పాతుకుపోయాయి. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి కొలువు వాటికి పెద్ద దిక్కు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎక్కువైనప్పుడు ఒకవైపు ఆసుపత్రుల్లో విషం విరుగుడు ఇంజెక్షన్లు ఇస్తుండగా, మరోవైపు మోపిదేవిలో సర్పశాంతి హోమం జరిగింది. ఇలాంటి సందర్భాల్లో వాదం ఎప్పుడూ ఒక్క తీరుగానే నడుస్తుంది. పెద్దలకు అన్నీ తెలుసని ఒక వర్గం, పాతదంతా మూఢత్వమని ఇంకొకటి అంటుంది. ఈ రెండు మాటలూ నిలవవని చెప్పడానికి సర్పగంధి అనే ఒక్క వేరు చరిత్ర చాలు. దేశమంతటా ఆ వేరు గురించి రెండు మాటలు చెప్పుకునేవారు: పాము విషాన్ని విరుస్తుందని, మతి చలించినవాణ్ణి శాంతపరుస్తుందని. మొదటిది తప్పు. రెండోది నిజం. ఆ నిజం వెంట నడిచిన శాస్త్రం చివరికి మెదడులోని కణాల ఆకారం దాకా వెళ్లింది.

మొదటి మాటకు మూలం ముంగిస కథ. పాముతో పోరాడిన ముంగిస వెళ్లి ఏదో వేరు నమిలి వస్తుందని, ఆ వేరే మనిషికీ మందని జనం నమ్మారు. ఇలాంటి మందులను మన తీరంలోనే పరీక్షకు పెట్టినవాడు ప్యాట్రిక్ రసెల్. 1780ల్లో విశాఖపట్నంలో ఉంటూ కోరమాండల్ తీరపు పాములను సేకరించి, వాటి తెలుగు పేర్లతో సహా నమోదు చేసి, 1796లో పుస్తకంగా తెచ్చాడు. పాముకాటుకు అప్పట్లో పేరుమోసిన తంజావూరు మాత్రను కూడా ఆయన జంతువుల మీద ప్రయోగించి చూశాడు. పేరు ఎంత గొప్పదైనా మందు గుణాన్ని విడిగా తేల్చుకోవాలన్న పద్ధతికి ఇది తొలి అడుగుల్లో ఒకటి. నిజమైన విరుగుడు 1890ల్లో గుర్రపు సీరం నుంచి వచ్చింది. సర్పగంధి ఎందుకు పనిచేయదో ఇప్పుడు స్పష్టంగా చెప్పవచ్చు. నాగుపాము, కట్లపాము విషాల్లోని కొన్ని ప్రోటీన్లు నాడికీ కండరానికీ మధ్య సంకేతాన్ని అందుకునే గ్రాహకాలను పట్టుకుని వదలవు. దాంతో ఊపిరి కండరాలు చచ్చుబడతాయి. వేరులోని రసాయనాలకు ఆ పట్టును విడిపించే గుణం లేదు.

రెండో మాట సంగతి వేరు. బీహార్‌లో ఈ వేరును పిచ్చికి మందుగానే అమ్మేవారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దీన్ని ఉన్మాదానికి, రక్తపోటుకు వాడి ఫలితాలను ప్రకటించారు. అదే కాలంలో ఢిల్లీ తిబ్బియా కాలేజీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ సిద్దిఖీ ఈ వేరులోని ఆల్కలాయిడ్లను వేరుచేసి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలిన్ అని పేరు పెట్టారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రక్తపోటు రోగులపై తన అనుభవాన్ని ప్రచురించాక పాశ్చాత్య వైద్యుల చూపు ఇటు మళ్లింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ ఈ వేరు నుంచి రిసర్పిన్‌ను శుద్ధి చేసింది. 1954లో న్యూయార్క్ మనోవైద్యుడు నాథన్ క్లైన్ దాన్ని మానసిక రోగులకు వాడిన ఫలితాలను వెల్లడించాడు. ఆచారం చెప్పిన మాట ఇలా మెట్టుమెట్టుగా నెగ్గింది. నెగ్గింది ఆచారం గనుక కాదు, ఒక్కో మెట్టు దగ్గరా ఎవరో ఒకరు సరిచూశారు గనుక.

నాడీకణాల మధ్య కబురు మోసే సెరటోనిన్ అనే రసాయనం ఇక్కడే కథలోకి వస్తుంది. దాన్ని 1948లో రక్తం నుంచి వేరుచేశారు. 1953లో బెట్టీ ట్వారోగ్, ఇర్విన్ పేజ్ అది మెదడులోనూ ఉందని చూపారు. 1955లో ప్లెచర్, షోర్, బ్రోడీ రిసర్పిన్ ఇచ్చిన జంతువుల్లో సెరటోనిన్ నిల్వలు ఖాళీ అవుతున్నాయని కనుగొన్నారు. నాడీకణంలో ఈ రసాయనాన్ని దాచుకునే సన్నని తిత్తులుంటాయి. రిసర్పిన్ వాటి దారి మూసేస్తుంది. గాదెలోకి చేరని ధాన్యం కళ్లంలోనే పాడైనట్టు, బయట మిగిలిన సెరటోనిన్ విచ్ఛిన్నమైపోతుంది. మనసు స్థితికీ మెదడులోని ఒక రసాయనానికీ సంబంధం ఉండవచ్చన్న ఆలోచనకు ఇది గట్టి ఊతం. అయితే ఇక్కడొక న్యాయమైన అభ్యంతరం ఉంది. రిసర్పిన్ ఖాళీ చేసేది సెరటోనిన్‌ను ఒక్కదాన్నే కాదు. 1957లో స్వీడన్‌కు చెందిన ఆర్విద్ కార్ల్‌సన్, రిసర్పిన్‌తో మందగించిన జంతువులను, డోపమిన్ అనే మరో మెదడు రసాయనంగా మారే ఎల్-డోపా తిరిగి లేపగలిగిందని, సెరటోనిన్‌గా మారే పదార్థం ఆ పని చేయలేకపోయిందని చూపాడు. కాబట్టి సర్పగంధి సెరటోనిన్ రహస్యాన్ని విప్పిందనడం అతిశయోక్తి. మెదడు రసాయనాలను విడివిడిగా పరిశీలించే పనిముట్టును చేతికిచ్చింది అనడమే సరైన మాట.

ఆ పనిముట్టు చూపింది పరిమాణాన్ని, అంటే ఎక్కువా తక్కువా అన్నదాన్ని. కానీ ఒకే రసాయనం ఒకచోట ఒకలా, మరోచోట ఇంకోలా పనిచేస్తుంటే లెక్క పరిమాణంతో తేలదు, అందుకునే గ్రాహకాన్ని చూడాలి. 1957లో గాడమ్, పికరెల్లీ సెరటోనిన్‌ను అందుకునే గ్రాహకాలు రెండు రకాలని తేల్చారు. ఇప్పుడు వాటిని 7 కుటుంబాలుగా లెక్కిస్తున్నారు. 1984లో హేడన్, మెకాబ్, కేటర్ ఒక మంచినీటి నత్త నాడీకణాలపై సెరటోనిన్ వేసి చూస్తే, కొన్ని కణాల మొలక కొనలు ఎదుగుదల ఆపేశాయి, మరికొన్ని పట్టించుకోలేదు. అంటే ఆ రసాయనం కబురు మోయడంతో ఆగక కణం రూపాన్ని కూడా దిద్దుతోంది. తర్వాత జర్మనీలో పొనిమాస్కిన్ బృందం కారణాన్ని ఇంకా దగ్గరగా చూపింది. సెరటోనిన్ గ్రాహకాల్లో 5-హెచ్‌టీ7 అనేది మేల్కొంటే నాడీకణపు కొమ్మలు సాగుతాయి, 5-హెచ్‌టీ4 మేల్కొంటే ముడుచుకుంటాయి. కణం లోపలి యాక్టిన్ పోగులను కట్టే, విప్పే ప్రోటీన్లకు ఒక్కో గ్రాహకం ఒక్కో ఆజ్ఞ పంపడమే ఇందుకు కారణం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో అమితాభ చటోపాధ్యాయ బృందం ఇదే బంధాన్ని అవతలి వైపు నుంచి చూసింది. కణపు పొరలోని కొలెస్టరాల్ తగ్గితే సెరటోనిన్-1ఎ గ్రాహకానికి తనకు అంటుకునే అణువును పట్టుకునే శక్తి తగ్గుతుందని, యాక్టిన్ అల్లికను సడలిస్తే ఆ గ్రాహకం కదలిక, సంకేతం రెండూ మారతాయని 2004, 2008 ప్రాంతాల్లో చూపింది. గ్రాహకం కణాన్ని మలుస్తుంది, కణం కట్టడం గ్రాహకాన్ని నడుపుతుంది.

దీని మీదా రెండు ఆక్షేపణలున్నాయి. గాజు పళ్లెంలోని కణం చేసింది బతికున్న మెదడు చేస్తుందా అన్నది ఒకటి. జాగ్రత్త అవసరమే. కొమ్మ సాగడం చూసి మనసు బాగుపడిందనలేం. కానీ సెరటోనిన్ తక్కువైతే దిగులు, ఎక్కువైతే ఉల్లాసం అన్న తేలిక లెక్క నిలవలేదని తేలాక, దిగులు మందులు వారాలు గడిస్తే గాని ఎందుకు పనిచేయవన్న ప్రశ్నకు కణాల పునర్నిర్మాణం ఒక అర్థవంతమైన సమాధానంగా ముందుకొచ్చింది. రెండోది, సర్పగంధి లేకున్నా ఈ శాస్త్రం వచ్చేదే కదా అన్నది. నిజమే. ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందుకూ సెరటోనిన్‌కూ ఉన్న పోలిక మీద మరికొందరు అదే కాలంలో ఆ గమ్యం వైపే నడిచారు. వేరు లేకపోతే దారే లేదని నా వాదం కాదు. ఉన్న దారుల్లో అదీ ఒకటని, దాన్ని దారిగా మార్చినది పరీక్ష అని మాత్రమే.

అందువల్ల పాత మందుకు దక్కాల్సిన మర్యాద, అది చెప్పే ప్రతి మాటనూ విడిగా తూచడమే. ముంగిస కథను గుడ్డిగా నమ్మినవాడు పాముకాటు రోగిని వేరు చేతిలో పెట్టి పోగొట్టుకుంటాడు. కథతో పాటు వేరునూ పారేసినవాడు 1931 నాటి ఫలితాన్ని చేజార్చుకుంటాడు. ఆ వేరు ఎంతగా అమ్ముడుపోయిందంటే, అడవిలో మొక్క కరువై దాని అంతర్జాతీయ వ్యాపారానికి ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. ఇక దివిసీమ పొలంలో కాటు తగిలినవారిని ముందు తీసుకెళ్లాల్సింది విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికే. మూలికల వాదం పరీక్షశాలలో తీరిగ్గా తేల్చుకోవచ్చు, విషం అంత వ్యవధి ఇవ్వదు.