గాలి పాట, గొట్టాల గోల

గాలి పాడుతుందంటే అది కవుల మాటేనని కొట్టిపారేస్తాం. కానీ గాలి చేత పాడించుకునే వీణ ఒకటి యూరప్‌లో నిజంగానే ఉండేది. కిటికీలో పెడితే చాలు, మీటే వేలు లేకుండానే మోగేది. కిర్షర్ అనే జెసూట్ పండితుడు 1650లోనే దాని గురించి రాశాడు.

బి.ఏ. చదివి నవలలు రాసుకునేదానికి ఈ శాస్త్రం గొడవ ఎందుకంటారా? ఇందులో మంచి కథ ఉందండీ!

1878లో స్ట్రౌహాల్ అనే చెక్ శాస్త్రజ్ఞుడు జర్మనీలో తీగను గాలిలో గిరగిరా తిప్పి, ఆ స్వరాన్ని కొలిచాడు. వైణికులు నమ్మరు గాని, దానికి తీగ బిగువుతో నిమిత్తం లేదట! గాలి వేగం, తీగ లావు, ఈ రెండే లెక్క. అయితే ఆ స్వరం తీగ సొంత స్వరంతో కలిసిందా, మోత ఒక్కసారిగా హెచ్చుతుంది.

తర్వాత 1911 ప్రాంతంలో, గొట్టింగెన్‌లో హీమెంజ్ అనే విద్యార్థి పారే నీటిలో గుండ్రటి కడ్డీ నిలబెట్టాడు. నీరు నిలకడగా పారదే! కడ్డీ సరిగ్గా గుండ్రంగా లేదేమో అన్నారు గురువు ప్రాంట్ల్. పాపం, సానబట్టాడు. కాలువలో వంకర ఉందేమో అన్నారు. సరిచేశాడు. అయినా అదే ఊగు. చూస్తూ ఉన్న కార్మన్‌కు మాత్రం, తప్పు పనిముట్టుది కాదు, నీటి స్వభావమే ఇదని తోచింది. కడ్డీ వెనక సుడులు కుడికొకటి, ఎడమకొకటి వంతులవారీగా సాగుతాయని లెక్క కట్టి చూపాడు.

ఇక బాయిలరు చూడండి. గొట్టాల వరుసల్లో నీళ్లు, వాటి మధ్యనుంచి అడ్డంగా దూసుకుపోయే వేడి వాయువులు. ప్రతి గొట్టమూ గాలివీణ తీగే! 5 సెంటీమీటర్ల ఒంటి గొట్టం మీదుగా సెకనుకు 12 మీటర్ల గాలి వీస్తే, సెకనుకు సుమారు 48 ఊపులు. ఖాళీ సీసా మూతిమీద ఊదితే మోగినట్టు, రెండు గోడల మధ్య ఉన్న వాయువుకూ సొంత స్వరం ఉంటుంది. రెండూ కలిశాయంటే బాయిలరు ఊళ పెడుతుంది. గోడలు అదురుతాయి. అలాగే వదిలేస్తే రేకులు బీటలిస్తాయి, గొట్టాలూ దెబ్బతినవచ్చు. లోపల ఉన్నది మహా ఒత్తిడితో మరిగే నీరు, ఆవిరి!

విరుగుడు చిత్రంగా ఉంటుంది. వాయువును ఆపరు. అది పోయే దారి వెంబడే, గొట్టాల నడుమ ఒక రేకు నిలబెడతారు. గది వెడల్పు సగమై, దాని స్వరం రెట్టింపవుతుంది. సుడుల స్వరం దాన్ని అందుకోలేదు.

నాకు ఈ కథలో నచ్చిన పాత్ర ఆ సానబట్టిన కుర్రాడే. ఎంత సరిచేసినా ఊగుతూనే ఉందని, ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఇవాళ బాయిలరు కూత మారిందండీ" అని పనివాడు వచ్చి చెబితే, ఇంజనీరుగారు లేచి వెళ్లి వినాలి. ఆ కూతలో కబురుంటుంది.