సైనిక కుటుంబాల సలహాదారులు – వృత్తి అర్హతల నిర్ణయం: అమెరికా అనుభవంపై చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

సైనికుల కుటుంబాలకు సలహా చెప్పేవారికి ఏ అర్హత ఉండాలి, దాన్ని ఎవరు నిర్ణయించాలి అన్న ప్రశ్న అమెరికాలో రెండవ ప్రపంచ యుద్ధకాలం నుంచి పలు రూపాల్లో ముందుకు వస్తూనే ఉంది. వృత్తిసంఘాలు, రాష్ట్ర శాసనసభలు, సైనిక ఆరోగ్యబీమా వ్యవస్థ ఈ ప్రశ్నకు వేర్వేరు సమాధానాలు ఇచ్చాయి. లైసెన్సు రాష్ట్రానికి కట్టుబడి ఉంటుంది; సైనిక కుటుంబం బదిలీ ఉత్తర్వుకు కట్టుబడి ఉంటుంది. ఈ వైరుధ్యం ఆ చరిత్రను ఎలా నడిపించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సైనిక కుటుంబం, కుటుంబ సలహాదారు, లైసెన్సు, ట్రైకేర్, గోప్యత, బదిలీ.

1. ప్రవేశిక

వైద్యుడికి పట్టా ఉండాలన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు. కుటుంబ కలహాలు, ఎడబాటు, పిల్లల దిగులు వంటి విషయాల్లో సలహా చెప్పడానికి మాత్రం పెద్దరికం, లోకానుభవం చాలునన్న భావన చిరకాలం కొనసాగింది. అమెరికా సైన్యంలోనూ ఈ బాధ్యతను మొదట మతాచార్యులు, రెడ్‌క్రాస్ కార్యకర్తలు, తోటి సైనికుల భార్యలే నిర్వహించారు. ఆ స్థానంలోకి చదువు, పర్యవేక్షణ, పరీక్ష, లైసెన్సు అనే నాలుగు మెట్లు ఎక్కిన వృత్తినిపుణులు క్రమంగా వచ్చారు. ఈ పరిణామంలో కుటుంబాలకు దక్కిన రక్షణ ఎంత, ఎదురైన అడ్డంకి ఎంత అన్నది పరిశీలించదగిన విషయం.

2. యుద్ధం అందించిన సిద్ధాంతం

వివాహ సలహాదారుల జాతీయ సంఘం అమెరికాలో 1942లో ఏర్పడింది. అదే యుద్ధం కుటుంబ అధ్యయనానికి సైద్ధాంతిక పునాదిని కూడా ఇచ్చింది. సామాజిక శాస్త్రవేత్త రూబెన్ హిల్ అయోవా రాష్ట్రంలోని 135 కుటుంబాలు భర్తల ఎడబాటును, పునరాగమనాన్ని ఎలా ఎదుర్కొన్నాయో పరిశీలించి, 1949లో గ్రంథరూపంలో ప్రకటించాడు. ఒక సంఘటన సంక్షోభంగా మారుతుందా లేదా అన్నది ఆ సంఘటన తీవ్రతపై మాత్రమే ఆధారపడదనీ, కుటుంబానికున్న వనరులు, ఆ సంఘటనకు కుటుంబం ఇచ్చుకునే అర్థం కూడా నిర్ణాయకాలేననీ అతడు ప్రతిపాదించాడు. సైనికుడు దూరమైనప్పుడే కాక, తిరిగి వచ్చినప్పుడు కూడా కుటుంబం కొత్తగా సర్దుకోవలసి వస్తుందన్న గ్రహింపు ఈ అధ్యయనంలో ముఖ్యమైనది. సలహాదారుకు సానుభూతితో పాటు ప్రత్యేక శిక్షణ కూడా అవసరమన్న వాదనకు ఇది బలం చేకూర్చింది.

3. రాష్ట్రాల చేతికి అర్హత

వివాహ, కుటుంబ, శిశు సలహాదారులకు లైసెన్సు విధానాన్ని మొదట తెచ్చిన రాష్ట్రం కాలిఫోర్నియా. ఆ శాసనం 1963 నాటిది. వృత్తి సలహాదారులకు చట్టబద్ధతనిచ్చిన తొలి రాష్ట్రం వర్జీనియా. అది 1976లో జరిగింది. అన్ని రాష్ట్రాలూ ఈ రెండు వృత్తులను శాసనపరంగా గుర్తించడం 2009 నాటికి గాని పూర్తి కాలేదు. ఈ దీర్ఘకాలంలో ఒక్కొక్క రాష్ట్రం తనకు తోచిన పర్యవేక్షణ గంటలను, పరీక్షలను, చివరకు వృత్తినామాలను కూడా నిర్ణయించుకుంది. అందువల్ల ఒక రాష్ట్రంలో నిపుణుడిగా గుర్తింపు పొందిన వ్యక్తి సరిహద్దు దాటితే మళ్లీ దరఖాస్తుదారుగా మారవలసి వచ్చింది.

4. కుటుంబం సైన్యపు బాధ్యత కావడం

ఇదే కాలంలో సైన్యం స్వరూపం మారింది. నిర్బంధ సైనిక సేవ 1973లో ముగిసి, స్వచ్ఛంద సైన్యం ఏర్పడింది. అవివాహిత యువకుల స్థానంలో సంసారులైన ఉద్యోగుల నిష్పత్తి పెరిగింది. ఇంట్లో అసంతృప్తి ఉంటే సైనికుడు సేవలో కొనసాగడన్న ఎరుక అధికారులకు కలిగింది. సైన్యం 1965లోనే సామాజిక సేవాకేంద్రాలను ప్రారంభించింది. నౌకాదళం 1979లో నార్‌ఫోక్‌లో కుటుంబ సేవాకేంద్రాన్ని తెరిచింది. సైన్యాధిపతి జాన్ విక్‌హామ్ 1983లో సైనిక కుటుంబంపై ఒక విధానపత్రాన్ని వెలువరించాడు. కుటుంబ సంక్షేమాన్ని సైన్యపు సంసిద్ధతతో ముడిపెట్టడం ఈ దశ ప్రత్యేకత. సేవ అవసరమని అంగీకరించాక, దాన్ని ఎవరు అందించాలన్న ప్రశ్న అనివార్యమైంది.

5. ఖర్చు భరించే వ్యవస్థ నిర్ణయించిన ప్రమాణాలు

సైనికుల భార్యాపిల్లలు సైనికేతర వైద్యుల వద్ద పొందే చికిత్సకు ప్రభుత్వం ఖర్చు భరించే ఏర్పాటు 1956 చట్టంతో మొదలై, 1966 సవరణలతో విస్తరించింది. తరువాత ఇదే ట్రైకేర్‌గా మారింది. ఎవరికి రుసుము చెల్లించాలో నిర్ణయించే క్రమంలో ఈ వ్యవస్థ అర్హతలను కూడా నిర్వచించవలసి వచ్చింది. దాని నిబంధనలు వివాహ, కుటుంబ చికిత్సకులకు స్నాతకోత్తర పట్టాతో పాటు ఒక మార్గంలో 200 గంటల పర్యవేక్షణను, 1,000 గంటల అనుభవాన్ని విధించాయి. ఈ చికిత్సకులకు స్వతంత్రంగా పనిచేసే వీలు దక్కింది. మానసిక ఆరోగ్య సలహాదారులకు మాత్రం వైద్యుడి సిఫారసు, పర్యవేక్షణ తప్పనిసరిగా ఉండేవి. లైసెన్సు ఇచ్చిన రాష్ట్రం స్వతంత్రుడిగా గుర్తించిన వ్యక్తిని, రుసుము చెల్లించే వ్యవస్థ పరాధీనుడిగా పరిగణించింది.

ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల కాలంలో సేవలకు గిరాకీ పెరగడంతో ఈ వ్యత్యాసం చర్చకు వచ్చింది. మాజీ సైనికుల వ్యవహారాల శాఖలో ఈ రెండు వృత్తులకూ 2006 నాటి చట్టం చోటు కల్పించింది. ట్రైకేర్ విషయాన్ని అధ్యయనం చేసిన వైద్య విజ్ఞాన సంస్థ, నిర్దిష్ట విద్యార్హతలున్న సలహాదారులు స్వతంత్రంగా పనిచేయవచ్చని 2010లో సిఫారసు చేసింది. దాని ఆధారంగా 2011లో మధ్యంతర నిబంధన, 2014లో తుది నిబంధన వచ్చాయి. అయితే ఒక ప్రత్యేక సంస్థ గుర్తింపు పొందిన కోర్సులో చదివినవారికే శాశ్వత మార్గం ఏర్పడింది. ఇతర కోర్సుల్లో చదివినవారికి పరిమిత గడువు మాత్రమే దక్కింది. నాణ్యతను కాపాడే కంచె అనుభవజ్ఞులను కూడా బయట నిలబెట్టగలదని ఈ ఘట్టం చూపుతుంది.

6. నమోదు చేయని సలహా

అర్హత ఉన్న నిపుణుడు అందుబాటులో ఉన్నంత మాత్రాన సైనికుడు అతడి దగ్గరకు వెళ్తాడని చెప్పలేం. తన పేరు వైద్య దస్త్రంలోకి ఎక్కితే పదోన్నతికి అడ్డమవుతుందన్న భయం సైన్యంలో బలంగా ఉంది. రక్షణశాఖ మానసిక ఆరోగ్య కార్యదళం 2007 నివేదికలో ఈ సామాజిక కళంకాన్ని ప్రధాన అవరోధంగా గుర్తించింది. దీనికి ఒక సమాధానంగా 2004లో ఆరంభమైన సైనిక, కుటుంబ జీవన సలహా కార్యక్రమం ఎదిగింది. అందులోని సలహాదారులు స్నాతకోత్తర పట్టా, లైసెన్సు ఉన్నవారే. అయినా వారు రోగనిర్ధారణ చేయరు, దస్త్రాలు రాయరు. గృహహింస, పిల్లలపై అత్యాచారం, ప్రాణాపాయం వంటి సందర్భాల్లోనే గోప్యతకు మినహాయింపు ఉంటుంది. ఇందులో ఒక విచిత్రమైన మెలిక ఉంది: వృత్తిగౌరవానికి చిహ్నమైన లైసెన్సును షరతుగా పెట్టి, వృత్తికి గుర్తులైన దస్త్రాన్ని, రోగనిర్ధారణను పక్కన పెట్టడం. లైసెన్సు యోగ్యతకు హామీ ఇస్తుంది. ఆ తలుపు తట్టే ధైర్యాన్ని మాత్రం గోప్యతే ఇస్తుంది.

7. కదిలే కుటుంబం, కదలని లైసెన్సు

సైనిక కుటుంబాలు సాధారణంగా రెండు మూడేళ్లకొకసారి ఊరు మారుతాయి. ప్రతి బదిలీతోనూ కుటుంబం తనను ఎరిగిన సలహాదారును కోల్పోతుంది. సైనికుడి జీవితభాగస్వామే సలహాదారు అయినప్పుడు, ఆ వ్యక్తి ఉపాధిని కూడా కోల్పోయే ప్రమాదముంది. సైనిక జీవితాన్ని లోపలినుంచి ఎరిగిన నిపుణురాలే కొత్త రాష్ట్రంలో అనుమతి కోసం వేచి ఉండవలసి రావడం ఈ వ్యవస్థలోని పెద్ద లోపం. రాష్ట్రాల మధ్య సలహాదారుల ఒప్పందం పది రాష్ట్రాల ఆమోదంతో 2022లో అమల్లోకి వచ్చే స్థితికి చేరింది. జనవరి 2023లో చట్టంగా మారిన సవరణ, బదిలీపై వెళ్లే సైనికులకు, వారి జీవితభాగస్వాములకు కొన్ని షరతులతో వృత్తి లైసెన్సును వెంట తీసుకెళ్లే వీలు కల్పించింది. కుటుంబాల కదలికకు తగినట్లు చట్టం కదలడం మొదలుపెట్టడానికి, కాలిఫోర్నియా శాసనం నుంచి లెక్కిస్తే, దాదాపు 60 ఏళ్లు పట్టింది.

8. ముగింపు

ఈ చరిత్రలో వృత్తిసంఘాలు గౌరవాన్ని, రాష్ట్రాలు అధికార పరిధిని, బీమా వ్యవస్థ ఖర్చుపై అదుపును కోరుకున్నాయి. కుటుంబ రక్షణను అన్నీ ప్రస్తావించినప్పటికీ, ప్రమాణాల రూపకల్పనలో కుటుంబం గొంతు చివరగానే వినిపించింది. అర్హత నిర్ణయం అనవసరమని దీనివల్ల తేలదు. శిక్షణ లేని సలహా కలిగించే హాని చిన్నది కాదు. అయితే సంఘటనకు కుటుంబం ఇచ్చుకునే అర్థమే కీలకమని హిల్ 1949లో చెప్పిన మాట, సలహాదారు అర్హతకు కూడా వర్తిస్తుంది. ఎన్ని గంటల పర్యవేక్షణ పూర్తయిందన్న లెక్కతో పాటు, భయం లేకుండా ఆ సలహాదారును చేరుకోగలరా, బదిలీ తరువాత కూడా ఆ తోడు కొనసాగుతుందా అన్న ప్రశ్నలు కూడా ప్రమాణాల్లో భాగమైనప్పుడే లైసెన్సు ఆ కుటుంబానికి నిజమైన భరోసా కాగలదు.