చెరిపేసిన రెండు గీతలు: వాతావరణ మార్పు మీద అనుమానం ఎలా పుట్టింది?

పోయిన ఎపిసోడ్ కింద ఒక కామెంట్ చాలాసార్లు కనిపించింది. "అన్నా, ఎండలు మా తాతల కాలంలో లేవా? ఈ గ్లోబల్ వార్మింగ్ అంతా హైప్ కదా?" అని. ఇలా అడిగినవాళ్లని వెక్కిరించడం నాకు ఇష్టం లేదు, ప్రశ్న న్యాయమైనదే. కాకపోతే ఈ అనుమానానికి కూడా ఒక చరిత్ర ఉంది. కొంత దానంతట అదే పుట్టింది, కొంత డబ్బు పెట్టి పుట్టించారు. ఈ రెండింటినీ విడదీసి చూద్దాం.

1988 జూన్ 23. వాషింగ్టన్‌లో మాడిపోయే ఎండ, దాదాపు 37 డిగ్రీలు. మనకి అది మామూలే కానీ వాళ్లకి కాదు. అమెరికా అంతటా కరువు, పంటలు ఎండిపోయాయి. ఆ రోజు సెనేట్ కమిటీ ముందు జేమ్స్ హాన్సెన్ అనే నాసా శాస్త్రవేత్త కూర్చున్నాడు. భూమి వేడెక్కుతోంది, ఇది యాదృచ్ఛికం కాదని 99 శాతం నమ్మకంతో చెప్పగలను అన్నాడు. మర్నాడు పేపర్లన్నింటిలో అదే వార్త. వాతావరణ మార్పు ల్యాబ్ దాటి జనంలోకి వచ్చింది ఆ రోజే అనుకోవచ్చు.

అలాగని ఆయన కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1856లోనే యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ గాజు గొట్టాల్లో రకరకాల గాలులు నింపి ఎండలో పెట్టి చూసింది. కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం అన్నిటికంటే ఎక్కువ వేడెక్కింది. 1896లో స్వీడన్‌కి చెందిన అరీనియస్ ఈ వాయువు రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కుతుందో కాగితం మీద లెక్క వేశాడు. 1958 నుంచి చార్ల్స్ కీలింగ్ హవాయి దీవుల్లోని ఒక కొండ మీద గాలిని కొలవడం మొదలుపెట్టాడు. అప్పట్లో పది లక్షల పాళ్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ 315 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. ఆ కొలత ఇప్పటికీ నడుస్తోంది, ఎవరైనా ఫోన్‌లో తెరిచి చూసుకోవచ్చు.

హాన్సెన్ 1988 నాటి పరిశోధనలో ఒక గ్రాఫ్ ఉంది. అందులో మూడు గీతలు. ఏ అంటే పొగ అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతూ పోతే వచ్చే వేడి. బి అంటే కొంచెం నెమ్మదిగా పెరిగితే. సి అంటే 2000 నాటికి గట్టిగా తగ్గించుకుంటే. జరిగే అవకాశం ఎక్కువగా ఉన్నది బి అని ఆయనే రాశాడు.

ఇక పదేళ్లు ముందుకి రండి. 1997 డిసెంబర్‌లో క్యోటో ఒప్పందం కుదిరింది. దాన్ని అమెరికా ఒప్పుకోవాలా వద్దా అని పెద్ద గొడవ. 1998లో ప్యాట్ మైకేల్స్ అనే మరో శాస్త్రవేత్త అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు హాజరై హాన్సెన్ గ్రాఫ్ చూపించాడు. చూడండి, ఈయన చెప్పిన వేడి ఎక్కడ, అసలు జరిగింది ఎక్కడ, ఎంత తేడా ఉందో అన్నాడు. వింటున్నవాళ్లకి నిజమే అనిపించింది. ఎందుకంటే ఆ గ్రాఫ్‌లో ఒక్క గీతే ఉంది, ఏ మాత్రమే. బి, సి రెండూ తీసేశారు. నిజంగా కొలిచిన వేడి బి గీతకి దగ్గరగా నడుస్తోంది. అది అక్కడ ఉండి ఉంటే వాదన అంతటితో ఆగిపోయేది.

నా దృష్టిలో ఇది అబద్ధం చెప్పడం కంటే తెలివైన పని. చూపించిన గీత నిజమైనదే. చూపించని గీతల గురించి వినేవాళ్లకి తెలియదు, తెలియనిదాని గురించి ఎవరూ అడగరు. స్క్రీన్‌షాట్ క్రాప్ చేయడం అంటారు కదా మీరు, అదే అనమాట, పాతికేళ్ల క్రితం.

ఈ విద్య కొత్తది కాదు. 1950ల్లో సిగరెట్‌కీ క్యాన్సర్‌కీ సంబంధం బయటపడ్డప్పుడు పొగాకు కంపెనీలు నేర్చుకున్న పాఠం ఇది. సిగరెట్ మంచిదని నిరూపించక్కర్లేదు, ఇంకా తేలలేదు అని అనిపిస్తే చాలు. తేలేదాకా చట్టం రాదు, చట్టం వచ్చేదాకా అమ్మకం ఆగదు. 1989లో చమురు, బొగ్గు, కార్ల కంపెనీలు కలిసి గ్లోబల్ క్లైమేట్ కోయలిషన్ అని ఒక సంఘం పెట్టుకుని ఇదే పని చేశాయి. విచిత్రం ఏంటంటే, 1995లో ఆ సంఘం కోసం వాళ్ల సొంత నిపుణులు రాసిన పత్రంలోనే, గ్రీన్‌హౌస్ ప్రభావం వెనక ఉన్న సైన్స్ కాదనలేనిది అని ఉంది. బయటికి మాత్రం వేరే పాట.

ఎక్సాన్ కథ ఇంకా ఘోరం. 1977లోనే జేమ్స్ బ్లాక్ అనే వాళ్ల శాస్త్రవేత్త పై అధికారులకి ఈ విషయం వివరించాడు. 1979లో ఒక చమురు ట్యాంకర్ ఓడకి పరికరాలు బిగించి సముద్రం మీద కార్బన్ డయాక్సైడ్ కొలిచారు, సొంత డబ్బుతో! 1982లో కంపెనీలోపల తిరిగిన ఒక గ్రాఫ్ ప్రకారం 2019 ప్రాంతానికి గాలిలో ఆ వాయువు 415 పాళ్ల దగ్గర ఉండాలి. 2019 మే నెలలో హవాయి కొండ మీద సరిగ్గా 415 దాటింది. ఇంత కచ్చితంగా లెక్క వేసుకున్న కంపెనీ తర్వాతి రోజుల్లో పేపర్లలో డబ్బులిచ్చి, సైన్స్ ఇంకా తేలలేదు అని వేయించింది.

సరే, ఒక వైపే చెప్పి ఆపేస్తే నేను కూడా గీతలు చెరిపినట్టే. ప్రచారం చేసేవాళ్లు కూడా చేతులారా అనుమానం పెంచారు. చిన్నది ఒకటి. హాన్సెన్ సభ ముందు రాత్రి హాల్ కిటికీలు తెరిచి ఉంచామనీ, ఏసీ పనిచేయకుండా అందరికీ చెమటలు పట్టాలనే అలా చేశామనీ, ఆ సభ ఏర్పాటు చేసిన సెనేటర్ టిమ్ వర్త్ 2007లో ఒక ఇంటర్వ్యూలో గొప్పగా చెప్పుకున్నాడు. 2015లో పత్రికవాళ్లు గట్టిగా అడిగితే అది పుకారు అన్నాడు. కానీ అప్పటికే వ్యతిరేకులకి జీవితాంతం సరిపోయే జోక్ దొరికింది.

పెద్దది మన హిమాలయాలది. 2007లో ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం ఐపీసీసీ ఒక నివేదిక ఇచ్చింది. దాదాపు వెయ్యి పేజీలున్న ఒక సంపుటంలో ఒక వాక్యం: హిమాలయాల్లోని హిమానీనదాలు 2035 నాటికి, లేదా అంతకంటే ముందే, కరిగిపోయే అవకాశం చాలా ఎక్కువ. వందల మీటర్ల మందం ఉన్న మంచు పాతికేళ్లలో ఎలా కరుగుతుంది? ఆస్ట్రియా శాస్త్రవేత్త గియోర్గ్ కాజర్ అచ్చు కాకముందే, 2006లోనే ఇది తప్పని హెచ్చరించానని తర్వాత చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు. 2009 నవంబర్‌లో మన పర్యావరణ మంత్రి జైరాం రమేష్, వి.కె. రైనా అనే సీనియర్ భూగర్భ శాస్త్రవేత్త రాసిన పత్రాన్ని విడుదల చేశారు. హిమానీనదాలు అంత వేగంగా కరుగుతున్నట్టు ఆధారాలు లేవని అందులో ఉంది. ఐపీసీసీ అధ్యక్షుడు రాజేంద్ర పచౌరి కూడా మనవాడే. ఆయన దాన్ని మంత్రాలూ మాయల సైన్స్ అని కొట్టిపారేశారు.

రెండు నెలలు తిరిగేసరికి గుట్టు బయటపడింది. ఆ 2035 ఏ పరిశోధనా పత్రం నుంచీ రాలేదు. ఐపీసీసీ ఒక స్వచ్ఛంద సంస్థ నివేదిక నుంచి తీసుకుంది, ఆ సంస్థ ఒక పత్రికలో వచ్చిన ఇంటర్వ్యూ నుంచి. 1996 నాటి ఒక రష్యన్ శాస్త్రవేత్త నివేదికలో 2350 అని ఉంది, అంకెలు తారుమారై 2035 అయ్యిందేమో అని కూడా కొందరు నిపుణులు అన్నారు. 2010 జనవరి 20న ఐపీసీసీ తప్పు ఒప్పుకుంది. అప్పటికి కోపెన్‌హాగన్ సదస్సు నీరుగారిపోయి నెల అయ్యింది. తప్పు ఒక వాక్యంలో ఉంది, నమ్మకం పోయింది మాత్రం మొత్తం పుస్తకం మీద. నాకు తప్పు కంటే ఆ కొట్టిపారేయడమే ఎక్కువ బాధ అనిపిస్తుంది. ప్రశ్న అడిగినవాడికి జవాబిచ్చి ఉంటే ఇంత రచ్చ అయ్యేదే కాదు.

మరి హిమాలయాలు కరగట్లేదా? కరుగుతున్నాయి. కోల్డ్ వార్ రోజుల్లో అమెరికా గూఢచారి ఉపగ్రహాలు తీసిన ఫోటోలని కొత్త ఫోటోలతో పోల్చి 2019లో ఒక పరిశోధన వచ్చింది. 650 హిమానీనదాలు చూశారు. 2000కి ముందు పాతికేళ్లతో పోలిస్తే ఆ తర్వాత మంచు తరిగే వేగం రెట్టింపయ్యింది. 2035 తప్పు, కరగడం నిజం. గంగ, బ్రహ్మపుత్ర ఒడ్డున బతికేవాళ్లకి ఈ రెండు ముక్కలూ కలిపి చెప్పాలి.

అనుమానం అంటే చెడ్డదే అనుకోకండి. రిచర్డ్ ముల్లర్ అని బర్క్‌లీలో ఫిజిక్స్ ప్రొఫెసర్. ఈ ఉష్ణోగ్రతల లెక్కలు నమ్మలేం, థర్మామీటర్ల చుట్టూ ఊళ్లు పెరిగి, కాంక్రీట్ వేడెక్కి అంకెలు పెరుగుతున్నాయేమో అన్నాడు. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి ఈ అనుమానం వెంటనే అర్థమవుతుంది. ఆయన టీం పెట్టుకుని లెక్కంతా మొదటినుంచి చేశాడు. డబ్బులిచ్చినవాళ్లలో చార్ల్స్ కోచ్ ఫౌండేషన్ ఒకటి, అంటే చమురు వ్యాపారం ఉన్న కుటుంబం. పల్లెల్లోని స్టేషన్లు విడిగా తీసి చూసినా అదే వేడి. 2012లో, భూమి వేడెక్కుతోంది, కారణం దాదాపు పూర్తిగా మనుషులే అని పేపర్లో రాశాడు. ఆయన అడిగాడు, కొలిచాడు, వచ్చిన జవాబు ఒప్పుకున్నాడు. గీతలు చెరిపినవాళ్లు ఎప్పుడూ కొలవలేదు, అక్కడే తేడా.

ఇక కామెంట్‌లో ప్రశ్నకి వద్దాం. తాతల కాలంలోనూ రెంటచింతలలో, రామగుండంలో ఎండలు మండిపోయేవి, నిజమే. ఒక్క ఎండాకాలాన్ని పట్టుకుని చూశావా గ్లోబల్ వార్మింగ్ అంటే అది కూడా గీతలు చెరపడమే. చూడాల్సింది అలాంటి రోజులు ఎన్ని పెరిగాయి, రాత్రుళ్లు ఎంత చల్లబడుతోంది అని. 2015 మే నెల వడగాలుల్లో ఆంధ్ర, తెలంగాణలో కలిపి 2,000 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఎండలో పనిచేసే కూలీలు, ముసలివాళ్లు. వాళ్లలో ఎవరూ క్యోటో గురించి వాదించలేదు.

మీ ఊళ్లో పెద్దవాళ్లని అడగండి, రాత్రిపూట డాబా మీద పడుకోవడం ఏ నెల దాకా కుదిరేదని. కింద కామెంట్లలో ఊరి పేరుతో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో వాతావరణ శాఖ రికార్డులు ముందు పెట్టుకుని మీ జవాబులతో పోల్చి చూద్దాం, తేడా వస్తే తేడా వచ్చిందనే చెప్తా.