పురుషాంగ క్యాన్సర్: తొలి లక్షణాల గుర్తింపు

పురుషాంగ క్యాన్సర్లలో నూటికి 95 చర్మపు పొలుసు కణాల్లో పుట్టేవే. శిశ్నాగ్రం మీద, దాన్ని కప్పే ముందోలు లోపలివైపున, ఆ రెంటి నడుమ గాడిలో ఎక్కువగా మొదలవుతాయి. తొలి రూపం ఎర్రమచ్చ కావచ్చు, మానని పుండు కావచ్చు, పులిపిరిలా పెరిగిన కండ కావచ్చు, ఒకచోట చర్మం గట్టిపడటమూ కావచ్చు. రక్తం, కంపుకొట్టే రసి తర్వాత వస్తాయి. మొదట్లో సాధారణంగా నొప్పి ఉండదు. మనిషి మోసపోయేది ఇక్కడే. నొప్పి లేదు కదా అని ఆగడం ఈ జబ్బులో తప్పు లెక్క. రెండో అడ్డు ముందోలే. అది వెనక్కి రాకపోతే కింద పెరిగే కణితి కంటికి కనిపించదు, పైగా ఆ బిగుతు (ఫైమోసిస్) కూడా ఈ క్యాన్సర్‌కు ఒక కారణం. హెచ్‌పీవీ వైరస్, బీడీ సిగరెట్లు మరికొన్ని కారణాలు. బిగుతుకూ క్యాన్సర్‌కూ ఈ సంబంధం ఉంది కాబట్టే, ఇన్నాళ్లూ వెనక్కి వచ్చిన ముందోలు పెద్ద వయసులో బిగుసుకుంటే దాన్నీ లక్షణంగానే చూడాలి.

మర్మాంగాల మీది పుండ్లలో అత్యధికం ఇన్ఫెక్షన్లే, షుగర్ ఉన్నవారికి ముందోలు పగలడం మామూలే, అరుదైన క్యాన్సర్ పేరెత్తి జనాన్ని భయపెట్టడం దేనికని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దాన్ని తేల్చేది కాలం. సరైన మందు పడితే ఇన్ఫెక్షన్ తగ్గుముఖం పడుతుంది. మూడు నాలుగు వారాలైనా మానని పుండుకు మరో ఆయింట్‌మెంట్ రాయడం కాదు, చిన్న ముక్క తీసి బయాప్సీ చేయడం అవసరం. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కార్మికుడు సెలవుల దాకా ఆగితే, ఉట్నూరు ఏజెన్సీలో రైతు పత్తి ఏరడం అయ్యేదాకా ఆగితే, ఆ గడువు ఎన్నో రెట్లు దాటిపోతుంది. ఈలోగా గజ్జల్లో బిళ్లలు కట్టవచ్చు. ఇన్ఫెక్షన్‌తోనూ బిళ్లలు కడతాయన్నది నిజం, కానీ మానని పుండు తోడుంటే వాటికీ సూది పరీక్ష చేయాలి. రోగి ఎంతకాలం బతుకుతాడన్నది పుండు పరిమాణం కన్నా క్యాన్సర్ ఆ బిళ్లలకు పాకిందా లేదా అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

పరీక్షకు పోతే అంగమే తీసేస్తారన్న భయం సిగ్గుకన్నా బలమైనది. కానీ ముందోలుకే పరిమితమైన కణితికి సున్తీ లాంటి శస్త్రచికిత్స చాలావరకు సరిపోతుంది. శిశ్నాగ్రం పైపొర దాటని దానికి పూతమందు, లేజర్ ఉన్నాయి. అంగాన్ని పూర్తిగా తీసేయాల్సి వచ్చేది ప్రధానంగా ముదిరిన దశలో. పరీక్షకు దూరం పోనక్కర్లేదు: ఆదిలాబాద్‌లో 2008 నుంచి రిమ్స్ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ముక్క తీయడానికి సర్జన్ ఉన్న ఆసుపత్రి చాలు; క్యాన్సర్ అని తేలాక హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లవచ్చు.