ఒంటి చక్రం, అద్దె సైకిలు

మొన్నటి వేసవి సెలవులకు మా అక్క మనవరాలు ఆత్మకూరు వస్తూ ఒక వింత వాహనాన్ని వెంట తెచ్చింది. ఒకే ఒక చక్రం, దాని మీద కడ్డీ, కడ్డీ మీద సీటు, ఇరుసుకు అటూ ఇటూ పెడళ్ళు. అంతే. హ్యాండిలు లేదు, బ్రేకు లేదు, గొలుసు లేదు. వీధిలో పిల్లలు మూగి "మిగతా సగం యాడుందక్కా?" అని అడిగారు. వారం రోజులు ఆ పిల్ల ప్రహరీగోడ పట్టుకొని, పడుతూ లేస్తూ దానితో కుస్తీ పట్టింది. మా అక్క అరుగు మీద కూర్చొని చూస్తూ ఉండేది. ఆమె చూపులో భయంతోపాటు కొంచెం అసూయ కూడా ఉందని నాకు తోచింది. దాని సంగతి తరువాత. ముందు ఈ ఒంటి చక్రం పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం.

జర్మనీలో కార్ల్ ఫన్ డ్రయిస్ 1817లో నడిపిన రెండు చక్రాల బండి చెక్కది. దానికి పెడళ్ళు లేవు. కూర్చొని, కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవలసిందే. (మా ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే పనివాళ్ళ చేతికిస్తే దాన్ని ఇంకొంచెం అందంగా చేసి ఉండేవారని నా అభిమానం.) 1860లలో పారిస్‌లో ముందు చక్రపు ఇరుసుకు పెడళ్ళు బిగించారు. చెక్క చక్రాలు, ఇనుప పట్టాలు, రాళ్ళు పరిచిన వీధులు: ఆంగ్లేయులు దాన్ని 'ఎముకలు కుదిపేది' అన్నారంటే అనరా మరి! 1869 నాటికి న్యూయార్కులో పెద్దవాళ్ళకు ఈ స్వారీ నేర్పే బడులే వెలిశాయి. రుసుము కట్టి, నాలుగు గోడల మధ్య, పరువు పోకుండా పడవచ్చునన్నమాట.

పెడలు నేరుగా చక్రానికే ఉంటే, కాలు ఒక చుట్టు తిప్పితే చక్రమూ ఒక్క చుట్టే తిరుగుతుంది. కనుక వేగం కావాలంటే చక్రం పెద్దది కావాలి. 1870లలో ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తుకు పెరిగి, వెనుక చక్రం నామమాత్రంగా మిగిలింది. రాయి తగిలినా, బ్రేకు గట్టిగా పట్టినా వెనుక చక్రం గాలిలోకి లేచేది. స్వారీ చేసేవాడు తల్లకిందులయ్యేవాడు. కాని నేర్పరులు కొందరు ఆ లేచిన క్షణాన్ని పొడిగించి, ముందు చక్రం మీదే కాసేపు పోగలిగారు. ఇంక వెనుక చక్రం ఎందుకని ఎవరికో తోచి ఉంటుంది. ఒంటి చక్రం అలా పుట్టిందని చాలామంది చెప్పే మాట. నాకూ అదే సమంజసంగా కనిపిస్తుంది. సర్కసులు దాన్ని చేరదీశాయి.

1885లో జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' సైకిలు గొలుసుతో వెనుక చక్రాన్ని తిప్పింది. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. చక్రాలు రెండూ సమానమయ్యాయి, సీటు నేలకు దగ్గరయింది, పడినా దెబ్బ చిన్నదయింది. ఒంటి చక్రం మాత్రం ఆ పాత కాలంలోనే ఉండిపోయింది. ఇప్పటికీ పెడలు ఇరుసుకే బిగించి ఉంటుంది. కాలు ఆపితే చక్రం ఆగుతుంది, వెనక్కి తొక్కితే వెనక్కి పోతుంది. మా మనవరాలు ఆత్మకూరు వీధిలో నేర్చుకుంటున్నది ఒక రకంగా 1870ల నాటి విద్య.

ఆ విద్యలో మొదటి చిక్కు బరువుది. కొత్తవాళ్ళు భయంతో పెడళ్ళ మీద నిలబడతారు. అప్పుడు చక్రం కింద నుంచి జారిపోతుంది. బరువంతా సీటుకు అప్పగించి, కాళ్ళను తేలికగా ఉంచాలి. చూపు చక్రం మీద కాదు, ఎదుట ఉండాలి. ఒళ్ళు రవ్వంత ముందుకు వాలాలి, ఆ పడబోయే ఒంటి కిందికి చక్రాన్ని తొక్కి తెచ్చుకోవాలి. అంటే ఆగకుండా పడుతూనే ఉండడం, నేల తగలకుండా చూసుకోవడం. పక్కకు వాలితే నడుము తిప్పి చక్రాన్ని ఆ వైపుకే మళ్ళించాలి. రెండు చక్రాల సైకిలుకూ సూత్రం ఇదే: ఎటు పడుతున్నావో అటే హ్యాండిలు తిప్పు. నేర్చుకునే ప్రతివాడూ మొదట దీనికి సరిగ్గా విరుద్ధంగా చేస్తాడు. అసలు సైకిలు ఎందుకు నిలబడుతుందన్నది శాస్త్రజ్ఞులకే పూర్తిగా తేలలేదు. తిరిగే చక్రాల బొంగరపు గుణమే కారణమని చాలాకాలం చెప్పుకున్నారు. ఆ గుణాన్ని తీసేసినా తనంతట నిలబడే సైకిలును చేసి 2011లో చూపించారు.

పెద్ద వయసులో నేర్చుకున్నవాళ్ళలో నాకు ఇష్టమైన మనిషి ఫ్రాన్సెస్ విలర్డ్. అమెరికాలో తాగుడుకు వ్యతిరేకంగా పోరాడిన మహిళా సంఘానికి అధ్యక్షురాలు. ఆమె యాభై మూడో ఏట, రోజుకు పది ఇరవై నిమిషాల చొప్పున సుమారు మూడు నెలలు కష్టపడి సైకిలు నేర్చుకొని, 1895లో ఆ అనుభవాన్ని పుస్తకంగా రాసింది. అదే ఏడు టాల్‌స్టాయ్ అరవై ఆరేళ్ళ వయసులో, చిన్న కొడుకు పోయిన దుఃఖంలో సైకిలు ఎక్కాడు. అయితే ఆయన్ను ఆడపిల్లవని ఆపినవాళ్ళెవరూ లేరు.

ఇక మా ఊరి సంగతి. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్ మొదలైన తరువాత స్వదేశంలో తయారైన హెర్క్యులిస్ మా పల్లెలకూ చేరింది. సొంత సైకిలు మాత్రం ఉన్నవాళ్ళకే. మా బోటివాళ్ళకు అద్దె సైకిలే గతి. గంటకు పావలా. కొట్టాయన నోటుపుస్తకంలో టైము రాసుకొని, టైర్లు నొక్కి చూసి, "ముళ్ళ దారిన పోబాక" అని హెచ్చరించి మరీ ఇచ్చేవాడు. మా వైపు ఎర్రగరుసు నేలలో తుమ్మముల్లు లేని దారి ఏదో ఆయనే చెప్పాలి! సీటు అందదు కనుక బారు కింద నుంచి కుడికాలు దూర్చి, ఒళ్ళంతా వంకర చేసి తొక్కేవాళ్ళం. చెరువుకట్ట మీద నేను అలా నేర్చుకుంటుంటే వెనుక కారియరు పట్టుకొని పరుగెత్తింది మా అక్క. నా మోకాలిచిప్పలు లేచిపోతే అమ్మ పసుపు పెట్టి "మగబిడ్డకు ఇవి మామూలే" అన్నది. ఒక సాయంత్రం అక్క కూడా కాలు దూర్చి చూసింది. ఆ కబురు ఇంటికి మాకన్నా ముందే చేరింది. "కాలో చెయ్యో విరిగితే రేపు ఎవరు చేసుకుంటారే?" అన్నాడు నాయన. అక్కడితో సరి.

ఆ రోజుల్లోనే బడి ముందర ఖాళీ స్థలంలో ఒకాయన సైకిలు దిగకుండా రాత్రింబగళ్ళు తొక్కాడు. దాని మీదే తిండి, దాని మీదే స్నానం. చివరి రోజు ముందు చక్రం పైకెత్తి వెనుక చక్రం మీదే ఒక చుట్టు తిరిగాడు. ఊరంతా చప్పట్లు. అక్క నా చెవిలో "ఆయప్ప ఒకదాని మీద తిరగతా ఉంటే నేను రెండిటి మీద తిరగలేనంట్రా?" అన్నది.

1990ల మొదట్లో, అక్షరాస్యతా ఉద్యమం నెల్లూరు జిల్లాను కదిలించినప్పుడు, ఉదయగిరి వైపు కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు అప్పుడే లోకానికి తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమయింది. సరిగ్గా ఆ కాలంలోనే తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాలతోపాటు సైకిలు తొక్కడం కూడా ఆడవాళ్ళకు నేర్పించారు. కలెక్టరు షీలా రాణి చుంకత్ దానికి అండగా నిలిచారు. వేలమంది పల్లెటూరి స్త్రీలు నేర్చుకున్నారు. ఆడవాళ్ళ సైకిళ్ళు చాలకపోతే మగవాళ్ళ సైకిళ్ళే ఎక్కారు. బిడ్డను కూర్చోబెట్టుకోవడానికి బారు పనికొస్తుందని కొందరు వాటినే మెచ్చుకున్నారట. పలక పట్టిన మా అక్కకు ఆ రెండో పాఠం అందలేదు. విలర్డ్ జీవితంలో తాగుడు మీద పోరూ సైకిలూ ఒకచోట కలిశాయి. మా దగ్గర వాటి మధ్య ఒక రాష్ట్ర సరిహద్దు వచ్చింది.

2010ల చివర్లో 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వం ఆడపిల్లలకు సైకిళ్ళు పంచినప్పుడు పక్కింటి అమ్మాయికీ ఒకటి వచ్చింది. ఆ పిల్ల పెళ్ళయి వెళ్ళిపోయింది, సైకిలు గోడకు ఆనించి ఉంది.

మనవరాలు వెళ్ళే ముందురోజు గోడ వదిలి తొమ్మిది బారల దూరం పోయింది. అక్క కారియరు కోసం వెతికినట్టుగా వెనక్కి చేయి చాచింది. "ఎనక కాదవ్వా, పక్కన చెయ్యి ఇయ్యి" అన్నది పిల్ల. అరవై ఆరేళ్ళ మా అక్క దాని పక్కన చేయి పట్టుకొని వీధి చివరిదాకా నడిచింది.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, "రేయ్, ఆ పక్కింటి సైకిలు సీటు కిందకి దించగలవా?" అని అడిగింది. పానా తెచ్చి దించాను. కారియరు పట్టుకోవడం ఇప్పుడు నా వంతు. పరుగు మాత్రం నాకు రావడం లేదు.

అన్నట్టు, బారు కింద కాలు దూర్చి తొక్కడాన్ని మీ ఊళ్ళలో ఏమనేవారు? ఒక్కో సీమలో ఒక్కో పేరు ఉందని విన్నాను. తెలిసినవాళ్ళు చెప్పండి.